అత్తకు ఓ మాయల కథ కావాలట!

‘ఓ మంచి ఫాంటసీ నవల చెప్పవా’ అని ఫ్రెండ్ అడిగితే మనకు రెండు నిమిషాల పని. లిస్టు నోటి మీదే ఉంటుంది. హ్యారీ పోటర్ అయిపోయిందా? అయితే లార్డ్ ఆఫ్ ది రింగ్స్. అదీ అయిందా? గేమ్ ఆఫ్ థ్రోన్స్. అదీ చదివేశావా? మిస్ట్‌బార్న్ పట్టుకో. అంతే, సలహా పూర్తి.

కానీ అడిగిన మనిషికి యాభై నాలుగేళ్లనుకోండి. ఇంగ్లీషు పుస్తకం చదవడం రాదనుకోండి. పైగా మనం పుట్టకముందు నుంచే మాయలూ మంత్రాలూ అంటే ప్రాణం పెట్టే మనిషి అనుకోండి. అప్పుడేం చెప్తారు?

నాకు ఈ పరీక్ష పెట్టింది మా మేనత్త.

మాది వనపర్తి. నేను ఉద్యోగం చేసేది నాగర్‌కర్నూల్‌లో. అత్తది గద్వాల. వాళ్లది మగ్గం ఇల్లు. మామ చీర నేస్తుంటే అత్త పక్కన కూర్చుని కండెలు చుట్టేది. మామ పోయి రెండేళ్లయింది. మగ్గం మీద ఇప్పుడు దుప్పటి కప్పి ఉంది. అత్త మాత్రం చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు కండెలు చుట్టి పెడుతూనే ఉంది. పగలు ఎట్లానో గడిచిపోతుందట. రాత్రుళ్లే నిద్ర రాదు.

ఒకరోజు ఫోన్ చేసి, “బిడ్డా, నువ్వు లావు లావు పుస్తకాలు చదువుతవు గదా. అండ్ల మాయల కథలు ఉంటయంట. ఒక మంచిది చెప్పు” అంది.

ఇంట్లోవాళ్లు నవ్వారు. ఈ వయసులో ఆ కథలేంది, భాగవతం చదువుకోరాదా అన్నారు. భాగవతంలో మొసలి ఏనుగును పట్టలేదా, పిల్లగాడు కొండను వేలి మీద ఎత్తలేదా, అవి మాయలు కావా అని అత్త వాదన. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇవి పిల్లల కథలని ఎవరన్నారు?

అత్త చదువు పదో తరగతి దాకానే. కానీ ఆమె ఫాంటసీ చదువు చాలా పెద్దది. చిన్నప్పుడు ఎవరో బైండు చేసి దాచుకున్న పాత చందమామలు ఆమె చేతికి దొరికాయి. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు వచ్చేవి. తోకచుక్క, రాకాసి లోయ, శిథిలాలయం, యక్ష పర్వతం, మాయా సరోవరం... అత్త ఈ పేర్లన్నీ వరసగా చెప్తుంది. శిఖిముఖి, విక్రమకేసరి ఆమెకు చుట్టాల్లాంటి వాళ్లు. జయశీలుడి పక్కన సిద్ధసాధకుడు లేకపోతే మాయా సరోవరం కథే లేదంటుంది. ఆ సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు. ‘అవన్నీ రాసింది ఒక్క మనిషే’ అని నేను చెప్పినప్పుడు అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఎంత పని చేసిండు!” అంది.

పెద్దవాళ్లకు ఫాంటసీ ఎందుకు అని నవ్వేవాళ్లకు నేనొకటి చెప్పాలి. మన దగ్గర ఈ కథలు పిల్లల కోసం పుట్టినవి కావు. బాలనాగమ్మ కథ పెద్దవాళ్లు రాత్రంతా కూర్చుని విన్న కథ. అందులో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు. వాటిల్లో వేశ్యలు, దొంగలు, మోసాలు, విరహాలు అన్నీ ఉంటాయి. ఇంకా వెనక్కి పోతే 16వ శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయం రాశాడు. నంద్యాల ప్రభువు కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. నంద్యాల మాకు దూరమేం కాదు, తుంగభద్ర దాటి కర్నూలు మీదుగా పోవడమే. అందులో అచ్చం ఒకేలా ఉన్న ఇద్దరు రంభలు ఎదురుపడి అసలు రంభ ఎవరని పోట్లాడుకుంటారు. బ్రహ్మ సరస్వతికి సరదాగా చెప్పిన కథ భూమ్మీద నిజంగా జరిగిపోతుంది. ఇవాళ ఏ నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో వచ్చినా ‘అబ్బ, ఏం ట్విస్టు’ అంటాం.

అంతెందుకు, మా ప్రాంతమే సగం ఫాంటసీ. గద్వాలను నడిగడ్డ అంటారు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర. 2009లో వచ్చిన అరుంధతి సినిమాలో సంస్థానం మా గద్వాలదే. బంగళా మాత్రం బనగానపల్లెది. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలున్నాయి. బాదామి చాళుక్యుల కాలంవి. బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ అని వాటి పేర్లు. ఇవి దేవుళ్ల పేర్లు కావని, మామూలు లోహాన్ని బంగారం చేయడానికి ఒక రససిద్ధుడు వాడిన మూలికల పేర్లని ఒక ఐతిహ్యం. ఇప్పుడు హ్యారీ పోటర్ మొదటి భాగం తెలుగు అనువాదం పేరు చూడండి: హ్యారీ పోటర్ పరుసవేది. ఇనుమును బంగారం చేసే ఆ రాయికి తెలుగులో కొత్త మాట వెతకాల్సిన పని పడలేదు. మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది.

ఇదంతా తెలిసిన మనిషికి ‘బిగినర్స్ కోసం పది ఫాంటసీలు’ అనే లిస్టు పంపితే ఏం బాగుంటుంది?

అత్త పెట్టిన మూడు షరతులు

అందుకే లిస్టు పక్కన పెట్టి అత్తనే అడిగాను. ‘ఎట్లాంటి కథ కావాలె అత్తా?’ అంటే, “ఏమో, మంచిది” అంది. దాంతో ఏమీ తేలలేదు. ప్రశ్న తిప్పి, ‘సరే, ఎట్లాంటి కథ వద్దు?’ అన్నాను. ఈసారి జవాబు టకటకా వచ్చింది.

మొదటిది: “నడుమ ఆగిపోయిన కథ ఇయ్యకు.” పాత చందమామల్లో మధ్య సంచిక దొరక్క ఆమె బాధపడిన రోజులు ఇంకా గుర్తే.

రెండోది: “ఎప్పుడూ పదహారేండ్ల రాకుమారుడేనా? నా ఈడు మనిషికి ఆ లోకంల ఏ పనీ లేదా?”

మూడోది కాసేపు ఆగి చెప్పింది. “చచ్చిపోయినోళ్లు మళ్ల బతికొచ్చే కథ మాత్రం వద్దు.”

ఈ మూడో షరతు ఎంత గట్టిదో తర్వాత అర్థమైంది. మన జానపదాల్లో సంజీవని లేని కథ తక్కువ. చెట్టు మీద ఆకు నలిపి పసరు పోస్తే చాలు, నిద్రలోంచి లేచినట్టు లేచి కూర్చుంటారు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో చచ్చిన మాంత్రికుడిని కూడా సదాజపుడు సంజీవనితో లేపుతాడు. చిన్నప్పుడు ఈ సీన్లు అత్తకు భలే ఇష్టమట. ఇప్పుడు టీవీలో వస్తే ఛానెల్ మారుస్తోంది. ‘ఆయనకు దొరికింది, మాకెందుకు దొరకలే’ అనిపిస్తుందట.

మనం ‘ఏది ఇష్టం’ అని అడుగుతాం. నిజానికి పెద్దవాళ్లకు పుస్తకం చెప్పేటప్పుడు ‘ఏది భరించలేరు’ అన్నదే అసలు ప్రశ్న. పిల్లలకైతే ఏ మాయాలోకమైనా కొత్తదే. పెద్దవాళ్లు మాత్రం వాళ్ల బరువు మోసుకునే ఆ లోకంలోకి అడుగుపెడతారు.

షరతుల జల్లెడ

ఈ మూడింటితో నా షెల్ఫు జల్లెడ పట్టాను.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి షరతు దగ్గరే ఆగిపోయింది. మొదటి పుస్తకం 1996లో వచ్చింది, ఐదోది 2011లో. ఆరోదాని కోసం లోకమంతా ఎదురుచూపే. ది నేమ్ ఆఫ్ ది విండ్ కూడా అంతే. 2007లో మొదటిది, 2011లో రెండోది, మూడోది రాలేదు. ఒక పెద్ద యుద్ధాల సిరీస్ కథ టూకీగా చెప్తే అత్త, “అంచంతా జరీనే గానీ చీర నేత పలచన బిడ్డా” అని తేల్చేసింది.

నవ్వుకోడానికి ఒకటి తెలుగులోనే దొరికింది. విశ్వనాథ సత్యనారాయణ గారి హాహా హూహూ. గుర్రం తలతో ఉన్న ఒక గంధర్వుడు లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. ఇంగ్లీషు పండితులంతా వచ్చి వీడెవడని తలలు పట్టుకుంటారు. చిన్న నవల. అత్త తనే రెండు రాత్రుల్లో చదివేసింది. గుర్రం మొహం వాడి ముందు దొరలు తెల్లమొహం వేయడం ఆమెకు తెగ నచ్చింది.

తర్వాత ఒకరోజు, “నీళ్ల కింద ఊరు ఉండే కథ ఏమన్న ఉన్నదా?” అని అడిగింది. ఎందుకు అడిగిందో నాకు తెలుసు. కొల్లాపూర్ దగ్గర సోమశిల ఒడ్డున నిలబడితే అవతల సంగమేశ్వరం. శ్రీశైలం నీళ్లు నిండితే ఆ గుడి మునిగిపోతుంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే మళ్లీ బయటపడుతుంది. మామతో కలిసి ఒక ఏడు ఆ గుడికి పోయొచ్చింది అత్త.

సుసానా క్లార్క్ రాసిన పిరనేసి గుర్తొచ్చింది. 2020లో వచ్చింది, 2021లో విమెన్స్ ప్రైజ్ గెలిచింది. అంతు లేని ఇల్లు. గదుల నిండా పాలరాతి బొమ్మలు. కింది అంతస్తుల్లో సముద్రం, పై అంతస్తుల్లో మబ్బులు. ఆ ఇంట్లో ఒక మనిషి దాదాపు ఒంటరిగా ఉంటాడు. అక్కడ పదముగ్గురి ఎముకలుంటాయి. వాళ్లెవరో అతనికి తెలియదు. అయినా పోయి పలకరిస్తాడు. నీళ్లు, తిండి, కలువపూలు తెచ్చి పెడతాడు. చచ్చినవాళ్లను లేపడు. చూసుకుంటాడు, అంతే. మూడో షరతు కూడా పాస్.

మజిలీకో వాయిస్ మెసేజ్

సమస్య ఒకటే. ఈ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మనం ఇంగ్లీషు ఫాంటసీలు ఇంతలా చదువుతాం గానీ, పెద్దవాళ్ల కోసం రాసిన వాటిల్లో తెలుగులోకి వచ్చినవి చాలా తక్కువ. అత్తలాంటి పాఠకురాలికి తలుపు అక్కడే మూసుకుపోతోంది.

నేను శనివారాలు నాగర్‌కర్నూల్ నుంచి ఇంటికి, కొన్నిసార్లు గద్వాల దాకా బస్సులో పోతాను. ఆ బస్సులోనే కథ చెప్పడం మొదలుపెట్టాను. వాట్సాప్‌లో, నా మాటల్లో. బిజినేపల్లి దాకా ఒక ముక్క. వనపర్తిలో బస్సు మారాక ఇంకో ముక్క. పెబ్బేరు దగ్గర ఒకటి. బీచుపల్లి వంతెన మీద గాలి హోరుకు ఏమీ వినపడదు కాబట్టి అక్కడ విరామం. ఎర్రవల్లి చౌరస్తా దాటాక చివరి ముక్క. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు చేసింది ఇదే కదా. కాశీకి నడిచిపోతూ, ఆగిన చోటల్లా వెంట ఉన్న గొల్లపిల్లవాడికి ఒక కథ. ఆయనకు రీఛార్జ్ ఖర్చు లేదు, అంతే తేడా.

అత్తకు ఇది బాగా కుదిరింది. చేతులు కండెల మీద ఉంటాయి, చెవులు ఖాళీ. రాత్రి కళ్లు లాగినా కథ ఆగదు.

అసలు పేరు

పిరనేసి అయ్యాక ఉర్సులా లెగ్విన్ ఎర్త్‌సీ కథలు మొదలుపెట్టాను. మొదటిది 1968లో వచ్చింది. దీవుల లోకం. గెడ్ అనే కుర్రాడు మాంత్రికుడవుతాడు. ఒళ్లు రాగి రంగు, మనలాంటి వాడే. గర్వంతో, పందెం కోసం చనిపోయిన మనిషిని పిలుస్తాడు. దాంతో ఒక చీకటి నీడ లోకంలోకి వచ్చి అతని వెంటబడుతుంది. మూడో పుస్తకంలో ఇంకొకడు చావుకూ బతుకుకూ మధ్య తలుపు తెరుస్తాడు. ఆ సందులోంచి లోకంలోని మంత్రమంతా కారిపోతుంది. తలుపు మూయడానికి గెడ్ తన శక్తినంతా ధారపోస్తాడు. అత్త షరతును లెగ్విన్ ముందే విన్నట్టు అనిపించింది నాకు. సంజీవని ఎందుకు లేదో, ఉంటే ఏమవుతుందో ఆ కథ చెప్తుంది.

అత్త కోసం నేను దాచిపెట్టింది మాత్రం నాలుగోది, టెహానూ. మూడో పుస్తకం 1972లో వస్తే ఇది 1990లో వచ్చింది. ఇందులో ముఖ్యపాత్ర రాకుమారుడు కాదు, మాంత్రికుడూ కాదు. భర్త పోయిన ఒక రైతు ఇంటి ఆడమనిషి, టెనార్. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు. ఎవరో కాల్చి వదిలేసిన ఒక చిన్నపిల్లను తెచ్చి పెంచుకుంటుంది. శక్తంతా పోయిన గెడ్ ఆమె దగ్గరికే వస్తాడు. ఓడల్లో తిరిగే కొడుకు ఇంటికొచ్చి పొలం నాది అంటాడు, తిన్న గిన్నె కూడా తీయడు. “వీడు మనూరోడే” అంది అత్త.

ఎర్త్‌సీలో ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి. అందరూ పిలిచేది ఒకటి. అసలు పేరు ఇంకొకటి. ప్రాణంలా నమ్మిన వాళ్లకే అది చెప్తారు. ముసలి మాంత్రికుడు ఓగియన్ చనిపోతూ తన అసలు పేరు టెనార్‌కు చెప్పి పోతాడు. తర్వాత పెద్ద పెద్ద మంత్రగాళ్లొచ్చి వాదులాడుకుంటుంటే, ఆ ఆడమనిషే ఆయన పేరు పైకి పలుకుతుంది.

ఆ ముక్క పంపింది పెబ్బేరు దగ్గర. మామూలుగా అత్త వెంటనే ‘తర్వాత?’ అని పెడుతుంది. ఆ రోజు ఏమీ రాలేదు. రాత్రి పదకొండు దాటాక ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

“బిడ్డా, పెండ్లయినకాంచి మీ మామ పేరు నేను నోటితోని అనలే. మా కాలంల అనొద్దు గదా. ఇగో, ఏమయ్యా అనే పిలిచిన. ఆస్పత్రిల రాసుకునేటప్పుడు పేషెంటు పేరు చెప్పమంటే గూడ నీ బావనే చెప్పిండు. నేను నోరు తెరవలే.”

తర్వాత మామ పేరు చెప్పింది. ఇంటి పేరుతో సహా, నెమ్మదిగా, స్కూల్లో హాజరు పిలిచినట్టు. ఆ తర్వాత కండె తిరిగే చప్పుడు కాసేపు వినిపించి మెసేజ్ ఆగిపోయింది.

ఆ కథ అత్త దుఃఖాన్ని తీర్చేసిందని నేను అనను. నిద్ర ఇప్పటికీ సరిగ్గా లేదు. మగ్గం అమ్మేద్దామన్న మాట ఇంట్లో నడుస్తూనే ఉంది. కానీ ఆ మాట మళ్లీ వచ్చినప్పుడు అత్త మొదటిసారి జవాబు చెప్పింది. “అమ్మాల్నా వద్దా నేను జెప్త. అప్పటిదాంక దుప్పటి తియ్యకుర్రి.” మామ గురించి ఇప్పుడు మాట్లాడుతోంది. పేరు పెట్టి మాట్లాడుతోంది. మొదట్లో బావ ఉలిక్కిపడ్డాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

మీ ఇంట్లోనూ ఉంటారు

మీ ఇంట్లోనూ ఇట్లాంటి పాఠకులు ఉంటారు. యూట్యూబ్‌లో పాత విఠలాచార్య సినిమాలు చూసే నాన్న, బాలనాగమ్మ కథ మొత్తం నోటికొచ్చిన అమ్మమ్మ, చందమామ కట్టలు అటకెక్కించిన పెద్దనాన్న. ‘చిన్నపిల్లల కథలు’ అంటారని వాళ్లు ఆ ఇష్టాన్ని పైకి చెప్పరు. మీరే అడగండి. ఏది వద్దో ముందు అడగండి. ఇంతకుముందు చదివినవాటిలో ఏ మనిషి గుర్తుండిపోయాడో అడగండి. చదువుతారా, వింటారా అని కూడా అడగండి. ఈ మూడింటికీ జవాబులు దొరికితే పుస్తకం దానంతటదే దొరుకుతుంది. అది తెలుగులో లేకపోతే మీ నోరుంది, ఫోనుంది, బస్సు ప్రయాణం ఉండనే ఉంది.

అత్త ఇప్పుడు తనే కథలు చెప్తోంది. కండెల కోసం వచ్చిన పక్కింటి ఆడవాళ్లకు టెనార్ కథ వినిపిస్తోందట. ఆమె నోట్లో టెనార్ మేకలు గొర్రెలయ్యాయి, దీవి నడిగడ్డ అయింది. మొన్న ఆ ఇంటి కొత్త కోడలు, “నాకూ ఒక కథ చెప్పు అత్తమ్మా” అని అడిగిందట. అత్త చేతిలో పని ఆపి ముందు ఒక్కటే అడిగిందట.

“ఎట్లాంటిది వద్దో చెప్పు బిడ్డా.”